మిరప కల్లంలో కొలిచిన మంచు

నా ఉద్యోగమంతా మంచు ఎత్తు కొలవడమే. ఆ మంచును మాత్రం ఒక్కసారి కూడా కళ్ళతో చూడలేదు. మా ఊరు మార్టూరు దగ్గర, పనిచేసింది గుంటూరులో. మా ఇంట్లోకి ఫ్రిజ్ వచ్చింది కూడా నా పెళ్ళయిన చాలా ఏళ్ళకి. ఇలాంటి మనిషి గ్రీన్‌లాండ్ మంచు మీద బతుకంతా గడిపానంటే కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలు నవ్వుతారు. నవ్వండి, నాకేం కోపం లేదు. నవ్వడం అయ్యాక ఇది చదవండి.

నా ప్రమోషన్ల సంగతి ఇక్కడ రాయను. అవి సర్వీసు కాగితాల్లో ఉన్నాయి, అక్కడే ఉండనిద్దాం. ఈ పని నిజానికి ఏమిటో రాస్తాను. ఎనభైల్లో ఒక మిరప కోతల కాలంలో నా ఉద్యోగం, మా టెక్నీషియన్ ఉద్యోగం, మా ప్రొఫెసర్ గారి పరువు మా పిన్ని కల్లంలో ఎలా తేలాయో రాస్తాను. అది గర్వంగానే రాస్తాను. అణకువ నటించే వయసు దాటిపోయింది.

పని అంటే ఇదీ

ఉపగ్రహం పైనుంచి కిందికి రేడియో తరంగాన్ని పంపుతుంది. అది నీళ్ళకో, నేలకో, మంచుకో తగిలి తిరిగి వస్తుంది. వెళ్ళి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం తెలుస్తుంది. ఉపగ్రహం ఎంత ఎత్తులో తిరుగుతోందో మనకు తెలుసు కనక, అందులోంచి ఈ దూరం తీసేస్తే మంచు ఎత్తు వస్తుంది. కొన్నేళ్ళు పోయాక ఇంకో ఉపగ్రహం అదే చోట అదే పని చేస్తే, మంచు పెరిగిందో తగ్గిందో చెప్పొచ్చు. చెప్పుకోవడానికి ఇంతే.

చెయ్యడానికి దిగితే చుక్కలు కనిపిస్తాయి. ఆ రోజుల్లో ఉపగ్రహం ఎత్తే సరిగ్గా తెలిసేది కాదు. మనం వెతికే తేడా కంటే అందులోని పొరపాటే పెద్దదిగా ఉండేది. అందుకని ఉపగ్రహం ఉత్తరానికి ఎక్కే దారీ, దక్షిణానికి దిగే దారీ ఎక్కడెక్కడ ఒకదాన్నొకటి దాటుతాయో ఆ కూడళ్ళను పట్టుకునేవాళ్ళం. అక్కడ ఒకే చోటును రెండుసార్లు కొలిచినట్టు లెక్క. రెండు కొలతలూ కలవకపోతే ముందు తప్పు మన దగ్గర వెతకాలి, ఆ తరువాతే మంచు దగ్గర. ఈ వరస తిరగేసినవాళ్ళు ఈ వృత్తిలో చాలామంది ఉన్నారు. వాళ్ళ పేర్లు నేను చెప్పను, మీకే తెలుస్తాయి.

ఇంకో చిక్కుంది. ఉపగ్రహం తన కిందున్న మంచునే కొలుస్తుందని మనం అనుకుంటాం. అది తనకు దగ్గరగా ఉన్నదాన్ని కొలుస్తుంది. కింద పల్లం, పక్కన మిట్ట ఉంటే ముందు మిట్టే పలుకుతుంది. ఆ మిట్ట ఎత్తునే పల్లం ఎత్తుగా రాసుకుని మురిసిపోయేవాళ్ళం. ఇలాంటివన్నీ ఒక్కొక్కటే దిద్దుకుంటూ పోతే చివరికి మిగిలేది గుప్పెడు నిజం. ఆ గుప్పెడు కోసమే ఈ ఉద్యోగం.

మా సార్

యూనివర్సిటీలో మా విభాగాధిపతి ప్రొఫెసర్ సాంబశివరావు గారికి కోపం ముక్కు మీదే ఉండేది. నా లెక్కలో ఒక చుక్క పక్కకు జరిగిందని ఒకసారి సుద్దముక్క విసిరారు. తగల్లేదు. "నీ లెక్క లాగే నా గురీ తప్పింది, పో" అని ఆయనే నవ్వేశారు. కోపం ఉన్నంతసేపు ఉండేది, పోయాక దాని జాడ కూడా ఉండేది కాదు. కోపాన్ని దాచుకుని తీరిగ్గా తీర్చుకునే అధికారుల దగ్గర కూడా తరువాత పనిచేశాను. సుద్దముక్కే నయం.

నన్ను తీసుకునేటప్పుడు ఇంటర్వ్యూలో ఆయన ఒకే ప్రశ్న అడిగారు.

"తెలియనిది అడిగితే ఏం చేస్తావమ్మా?"

"తెలియదని చెప్తాను సర్."

"ఎంతమంది ముందైనా?"

"ఎంతమంది ముందైనా."

"సోమవారం వచ్చి చేరు" అన్నారు. భౌతికశాస్త్రం గురించి ఒక్క ముక్క అడగలేదు. నేను బడిపంతులు కూతుర్ని, మా వైపు చర్చి హాస్టల్లో చదువుకున్నదాన్ని. ఆ మధ్యాహ్నం బయటికొచ్చి రోడ్డు మీద నిలబడి ఏడ్చాను, సంతోషంతో.

మూడో మనిషి ఖాజావలి గారు. చీరాల ఆయనది. మా వర్క్‌షాపు టెక్నీషియన్. విద్యార్థులకు చూపించడానికి ఆయన చేతులతోనే ఒక చిన్న రాడార్ కట్టారు. రేకు గరాటా ఒకటి, దాని వెనక ఒక పెట్టె, పక్కన చిన్న తెర. గరాటాకి ఎదురుగా ఏదుంటే దాని దూరం దగ్గర తెర మీద గీత పైకి లేచేది. ఎన్నో ఖరీదైన యంత్రాలు తరువాత నా చేతుల్లోంచి పోయాయి గానీ, ఆ గరాటా చెప్పినంత పెద్ద నిజం వేరేది ఏదీ చెప్పలేదు.

రైల్లో మంచు

ఉపగ్రహం కొలతలు విదేశాల నుంచి పెద్ద పెద్ద టేపుచుట్టల మీద వచ్చేవి. వాటిని నడిపే కంప్యూటర్ గుంటూరులో లేదు. హైదరాబాదులో మా వంతు వచ్చినప్పుడల్లా ఆ చుట్టల్ని ఒళ్ళో పెట్టుకుని రైలెక్కేదాన్ని. అయస్కాంతం దగ్గరికి వస్తే అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది.

ఒకసారి బ్యాండుమేళం వాళ్ళు పెట్టెలోకి ఎక్కి, ఒకాయన తన లౌడ్‌స్పీకర్‌ను తీసుకొచ్చి సరిగ్గా నా చుట్టల పక్కన పెట్టాడు. స్పీకర్ లోపల ఉండేది పెద్ద అయస్కాంతమే. నేను గావుకేక పెట్టాను. పెట్టెలో అందరూ లేచి నిలబడ్డారు.

"ఏందమ్మా, అంత కేకేశావు? అందులో ఏముంది?" అన్నాడతను.

భయంలో నోటికి వచ్చింది అనేశాను. "మంచు."

అతను చుట్టను పైనుంచి కిందికి చూశాడు. "మంచా? ఎండాకాలం, కరిగిపోద్దేమో చూసుకో మరి" అని, పాపం, స్పీకర్ తీసుకెళ్ళి తలుపు దగ్గర పెట్టుకుని దానిమీదే కూర్చున్నాడు. ఈ పనిని నేను ఎప్పుడూ చిన్నచూపు చూడకపోవడానికి ఇలాంటి మనుషులు కూడా కారణం. వాళ్ళకు అర్థం కాకపోయినా చోటిచ్చారు.

పెరిగిన మంచు

మా దగ్గర రెండు ఉపగ్రహాల కొలతలుండేవి. మొదటిది డెబ్బైల చివర కొద్ది నెలలు పనిచేసి ఆగిపోయింది. రెండోది ఎనభైల మధ్యలో ఎగిరింది. ఈ రెంటినీ కూడళ్ళ దగ్గర పోల్చి చూస్తే, గ్రీన్‌లాండ్‌లో ఒక ఎత్తైన మెట్ట మీద మంచు ఎత్తు బాగా పెరిగినట్టు తేలింది. సార్ కుర్చీలోంచి లేచారు. "అమ్మాయ్, మంచు పెరిగింది!" అని వరండా అంతా వినపడేలా అరిచారు. ఖాజావలి గారిని పంపి మైసూర్‌పాక్ తెప్పించారు.

ఆ ఏడాదితో మా పథకం గడువు ముగుస్తుంది. దాన్ని కొనసాగించాలా, విభాగం మూసేయాలా అన్నది ఢిల్లీలో జరిగే సభలో మేం చూపించే ఫలితాన్ని బట్టి తేలుస్తారు. సార్‌కి అదే చివరి ఏడాది. నాదీ ఖాజావలి గారిదీ తాత్కాలిక ఉద్యోగాలే. మంచు పెరిగిందని సార్ అప్పటికే సారాంశం రాసి పంపేశారు.

మైసూర్‌పాక్ నోట్లో ఉండగానే నాకు అనుమానం మొదలైంది. పెరిగిన చోట్లన్నీ ఆ ఒక్క మెట్ట మీదే ఉన్నాయి. అక్కడ ఎండాకాలంలో మంచు కరిగి పారిపోదు, పైపైన తడుస్తుంది అంతే. మా చేతిలో ఉన్న మొదటి ఉపగ్రహం కొలతలు వేసవి వెళ్ళిపోయి మంచు మళ్ళీ పొడిగా గట్టిపడ్డాక తీసినవి. రెండోదాని కొలతలు నడివేసవివి. పొడిమంచులో ఎక్కువ భాగం గాలే. రేడియో తరంగం పైన ఆగకుండా లోపలికి దిగి, అక్కడినుంచి తిరిగొస్తోందేమో. తడిమంచు దాన్ని పైనే ఆపేస్తోందేమో. అదే నిజమైతే మంచు అంగుళం కూడా పెరగక్కర్లేదు, తడిస్తే చాలు, పెరిగినట్టే కనిపిస్తుంది.

వెళ్ళి చెప్పాను. సార్ మొహం ఎర్రబడింది.

"లోపలికి పోతుందని కొందరు అంటున్నారు, నాకూ తెలుసు. పోతే ఎంత పోతుంది? ఎవరైనా తేల్చారా? అనుమానాలకు నా ఫలితం ఆపుకోనా?"

"ఆపమనట్లేదు సర్. చూసుకుందాం అంటున్నా."

"అయితే కళ్ళకు చూపించు. చూపిస్తే ఒప్పుకుంటా. వచ్చే వారం నేను ఢిల్లీ బండెక్కాలి, ఆలోగా చూపించు" అని లేచి వెళ్ళిపోయారు.

గుంటూరులో, మార్చి ఎండలో, మంచు ఎక్కడ తేవాలి? ఐస్ ఫ్యాక్టరీ దిమ్మలు తెద్దామన్నారు ఖాజావలి గారు. అవి గట్టి గడ్డలు, లోపల గాలి ఉండదు. నాకు కావలసింది గుల్లగా, పొడిగా, మోకాలెత్తున పరిచి ఉన్నది. దాని మీద నీళ్ళు చల్లి మళ్ళీ చూడాలి. అలా అనుకుంటుంటే నాకే నవ్వొచ్చింది. చిన్నప్పటి సెలవులన్నీ నేను దాని పక్కనే గడిపాను.

పిన్ని కల్లం

మా ఎస్తేరు పిన్ని మిరప వేసేది. కొంత సొంతం, కొంత కౌలు. కోసిన కాయల్ని చర్చి పక్కనున్న ఖాళీ స్థలంలో ఆరబోసేది, అదే ఆవిడ కల్లం. మిరపకాయలు గలగలలాడేలా ఎండాక వెంటనే బస్తాల్లో కూరితే విరిగిపోతాయి, గింజ రాలిపోతుంది. అందుకని ముందురోజు సాయంత్రం రాశి మీద నీళ్ళు చిలకరించి పట్టా కప్పుతారు. పొద్దుటికి కాయ మెత్తబడుతుంది, తొక్కినా విరగదు. మా వైపు అందరూ చేసే పనే ఇది.

చర్చికి డాబా ఉంది. ఆదివారంలోగా తీసేయాలన్న షరతు మీద పాస్టర్ గారు ఒప్పుకున్నారు. డాబా మీదనుంచి ఒక దూలం బయటికి చాపి, దాని కొసన ఖాజావలి గారు గరాటాను కిందికి చూసేలా బిగించారు. సార్ బస్సు దిగి నడిచి వచ్చారు. వచ్చీ రాగానే తుమ్మడం మొదలుపెట్టారు.

పిన్ని నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "ఏందే రూతూ, నా కాయల మీద ఈ గరాటా ఏంది?"

"రేడియో తరంగాలు పంపుతాం పిన్నీ."

"ఘాటు తగ్గిద్దా?"

"తగ్గదు."

"రంగు పోద్దా?"

"ఏమీ కాదు."

"అయితే పంపుకోండి. రేపు బస్తాలకెత్తాలి, లారీ వస్తది. మీ పని అవలేదు, ఆగమంటే ఆగేది లేదు. ముందే చెప్తన్నా."

ఎండిన కాయల్ని గరాటా కింద మోకాలెత్తున చదునుగా పరిపించాను. తెర మీద గీత లేచింది. ఎక్కడ లేచింది? నేల దగ్గర. కాయలు అక్కడ లేనట్టే.

సార్ తెర మీదికి వంగారు. "ఇదేంటయ్యా ఖాజావలీ, కాయల్ని చూడట్లేదే?"

ఖాజావలి గారు ఒక రేకు తెచ్చి కాయల మీద పెట్టారు. గీత పైకి జరిగింది. రేకు తీసేశారు. గీత మళ్ళీ నేలకు దిగింది. "గరాటా బాగానే ఉంది సార్. కాయల్లోంచి దూరి పోతాంది, అంతే" అన్నారు. సార్ మళ్ళీ తుమ్మారు.

సాయంత్రం పిన్ని, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు బక్కెట్లలో చేతులు ముంచి రాశి మీద నీళ్ళు చిలకరించి పట్టా కప్పారు. మర్నాడు పొద్దున్నే పట్టా తీశాం. ఖాజావలి గారు మీట నొక్కారు. గీత రాశి పైభాగం దగ్గర నిటారుగా లేచి నిలబడింది. కాయలు నిన్నటివే, నేల నిన్నటిదే, గరాటా బిగించిన చోటే ఉంది. ఒక్క కాయ కలపకుండా మా నేల మోకాలెత్తు పెరిగింది.

"మళ్ళీ" అన్నారు సార్. మళ్ళీ అదే. "మళ్ళీ." అదే.

అప్పటికే ఆడవాళ్ళు బస్తాలు తెచ్చారు. సార్ పిన్ని దగ్గరికి వెళ్ళారు. అంత కోపిష్టి మనిషి, ఆయన గొంతు అంత మెత్తగా ఉండటం నేను ఎప్పుడూ వినలేదు.

"అమ్మా, ఆ గరాటా కిందున్న మూల మాత్రం ఎత్తకండి. ఎండకు ఆరనివ్వండి. ఒక్క పూట."

"లారీ వస్తదయ్యగారూ."

"నాకు ఇది తేలకపోతే నేను వెళ్ళి అబద్ధం చెప్పినట్టవుతుందమ్మా."

పిన్ని ఆయన మొహం చూసింది. "ఒసేయ్, ఆ మూల వదిలెయ్యండే. కడాన ఎత్తుదాం" అని అరిచింది.

సార్ తల మీద తువ్వాలు వేసుకుని ఎండలోనే కూర్చున్నారు. చర్చిలోంచి బల్ల తెచ్చి వేస్తే దాని మీద కూడా కూర్చోలేదు. కాయలు ఆరే కొద్దీ పైనున్న గీత సన్నబడింది, నేల దగ్గర ఇంకో గీత మెల్లగా తల ఎత్తింది. మధ్యాహ్నానికి పైది పోయింది, కిందిదే మిగిలింది. నాకు గెలిచానన్న సంతోషం కలగలేదు. ఆయన చివరి ఏడాది ఫలితాన్ని నా చేతులతో నేనే ఊడబెరికాను. ఉద్యోగం పోతుందన్న భయం కూడా వేసింది, దాచడమెందుకు.

సార్ లేచారు. "మన మంచు పెరగలేదమ్మా. తడిసింది" అన్నారు.

"ఢిల్లీలో ఏం చెప్తారు సర్?"

"ఇంటర్వ్యూలో నువ్వేం చెప్పావు?"

నాకు ఎక్కడినుంచి ధైర్యం వచ్చిందో, "ఎంతమంది ముందైనా?" అన్నాను.

సార్ నా వైపు కోపంగా చూశారు. అంతలోనే నవ్వేశారు. "ఎంతమంది ముందైనా. పద, నువ్వు కూడా వస్తున్నావు."

ఢిల్లీ

సభలో సార్ మొదటి బొమ్మ చూపించారు. మంచు పెరిగినట్టున్న బొమ్మ. "దీన్నే నేను మీకు రాసి పంపాను. ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. అక్కడ మంచు పెరిగిందో తగ్గిందో నాకు తెలియదు. ఎందుకు తెలియదో మాత్రం చూపిస్తాను" అని రెండో బొమ్మ పెట్టారు. మిరప కల్లం. హాల్లో నవ్వులు. ముందు వరసలో ఒక అధికారి, ఇంత పని చేసి తెలియదని చెప్పడానికి వచ్చారా అని అడిగాడు. సార్ నా వైపు చెయ్యి చూపించి, "దీనికి జవాబు మా రూతు చెప్తుంది. కనిపెట్టింది ఆమే" అన్నారు.

లేచి చెప్పాను. పొడికాయ, తడికాయ, పొడిమంచు, తడిమంచు. వేసవి కొలతను వేసవితోనే పోల్చాలని, తిరిగొచ్చిన తరంగం ఆకారం చూస్తే అది పైనుంచి వచ్చిందో లోపలినుంచి వచ్చిందో కనిపెట్టే దారి ఉందని, ఆ దారి మేం వేస్తామని చెప్పాను. నవ్వులు ఎప్పుడు ఆగాయో తెలియదు. వెనక వరస నుంచి ఒకాయన లేచి, "ఆ మిరపకాయల బొమ్మ ఇంకోసారి పెట్టండి" అన్నాడు. తరువాత ఇంకొకాయన. ఆ తరువాత మమ్మల్ని టీకి కూడా పోనివ్వలేదు.

మా విభాగం మూయలేదు. ఖాజావలి గారు ఇంకో పెద్ద రాడార్ కట్టారు. సార్ గొప్ప ఫలితం ఏదీ లేకుండానే రిటైరయ్యారు. ఆయనకు ఏ పతకమూ రాలేదు. నేను చూసిన పెద్దవాళ్ళలో తన చేత్తో రాసి పంపినదాన్ని తన నోటితోనే కాదని చెప్పినవాళ్ళు మాత్రం ఆయన తప్ప వేరొకరు లేరు. ఆయన దగ్గర పనిచేశానని చెప్పుకోవడమే నాకు పతకం. ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలు ఏ పెద్ద సంస్థలో చేరాలా అని ఆలోచిస్తారు. పై అధికారి తన ఫలితం తప్పని తేలిన రోజున ఎలా ఉంటాడో కనుక్కుని చేరండి.

పిన్ని అడిగింది

ఢిల్లీ నుంచి వచ్చాక పిన్నికి పాస్టర్ గారి ద్వారా అన్నీ తెలిశాయి. నన్ను చూడగానే అడిగింది.

"ఇంతకీ మీ మంచు పెరిగిందా, తగ్గిందా?"

"తెలీదు పిన్నీ."

"ఆ ముక్క చెప్పటానికి అంత దూరం పొయ్యారా?"

"అవును" అన్నాను. ఆవిడ బుగ్గలు నొక్కుకుంది.

ఆ జవాబు వెతకడంలోనే నా సర్వీసంతా గడిచింది. ఉపగ్రహాలు మారాయి. ఎత్తులో పొరపాట్లు తగ్గాయి. రేడియో తరంగానికి బదులు వెలుగుతో కొలిచేవి వచ్చాయి, అవి మంచు లోపలికి అంతగా దిగవు. వేసవిని వేసవితో, చలికాలాన్ని చలికాలంతో పోల్చి చూశాం. అన్నీ ఒకే మాట చెప్పడం మొదలుపెట్టాయి. నేను రిటైరయ్యే ముందు ఒక కోతల కాలంలో మళ్ళీ పిన్ని దగ్గరికి వెళ్ళాను. పెద్దదైపోయింది, మోకాళ్ళు పట్టేశాయి. అయినా కల్లంలోనే మంచం వేయించుకుని కూర్చుని అందరి మీదా అరుస్తోంది.

"పిన్నీ, అప్పుడడిగావు చూడు. ఇప్పుడు చెప్తా. తగ్గుతోంది. చాలా తగ్గుతోంది."

పిన్ని అరుపు ఆపింది.

"తడి మీద కొలిచారా, ఆరినాకా?"

"రెండూ కొలిచాం పిన్నీ. తగ్గుతోంది."

"అయ్యో" అంది పిన్ని. నా చెయ్యి పట్టుకుని మంచం మీద తన పక్కన కూర్చోబెట్టుకుంది. "ఇక చెప్పటమే మరి."

చెప్తున్నాను. ఇప్పుడు తెలుసు కనక, ఎంతమంది ముందైనా చెప్తాను.